ముందు సబ్బు, తరవాత నిప్పు

థండర్ బే. తెల్లవారుజాము అయిదున్నర.
మైనస్ ముప్పై ఒకటి.
రాత్రంతా వ్యాన్లో చిన్న కరెంటు హీటరు పెట్టి
గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా కాపలా కాశాం.
మాకు జ్వరమొస్తే ఇంత చూసుకోం.

పద్దెనిమిదేళ్ళలో ఓర్వో నాకు నేర్పింది ఒక్కటే:
ముందు సబ్బు, తరవాత నిప్పు.
ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కలు గిన్నెల సబ్బు.
పాత షేవింగ్ బ్రష్షుతో నురుగు తీసి
సిలిండరు మెడకి, రెగ్యులేటరుకి, ఇత్తడి బిగింపులకి పూసి
కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూసేవాడు.
బుడగ లేస్తే ఆ పూట పని లేదు.
లేవకపోతే, "ఊఁ."
ఆ ఊఁ దాకా నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

ప్రొపేన్ పొగలా పైకి పోయే రకం కాదు.
గాలి కన్నా బరువు. నేలబారున పాకి
బకెట్ల వెనక, పంపు కింద, పల్లమున్న చోటల్లా
చప్పుడు లేకుండా నిండుతుంది.
దానికి సొంత వాసనైనా లేదు.
ఆ కుళ్ళు కంపు మనుషులు కలిపిందే,
మనం ఉలిక్కిపడాలని.

ఓర్వోకి చివరి రెండేళ్ళూ వాసన తెలిసేది కాదట.
ఆయన పోయాక కూతురు ఐలి చెప్పింది.
మాతో అనలేదు.
బ్రష్షు మాత్రం ఇంకాస్త సేపు పట్టుకునేవాడు.

ఇవాళ డెస్మండ్ వచ్చాడు, పంతొమ్మిదేళ్ళు, జలుబు.
"వాసనేం లేదుగా, వెలిగించెయ్యనా?" అన్నాడు
ముక్కు చీదుతూ.
బ్రష్షు వాడి చేతికిచ్చాను.

రెండో బిగింపు దగ్గర
ఆవగింజంత.
తరవాత శనగగింజంత.
పగల్లేదు. అలా ఉబ్బుతూనే ఉంది.
వాడు ముక్కు చీదడం మానేశాడు.

వాల్వు కట్టేసి తలుపులు రెండూ తెరిచాం.
అంత జాగ్రత్తగా దాచుకున్న వెచ్చదనం
ఒక్క క్షణంలో రోడ్డు పాలైంది.
బింగో హాలుకి ఫోన్ చేసి మర్నాటికి మార్చాను. తిట్టారు.

మర్నాడు కొత్త వాషరు. మళ్ళీ నురుగు.
డెస్మండ్ చూశాడు, నేను చూశాను.
ఊఁ అందామనుకున్నాను, గొంతు రాలేదు.
"సరే" అన్నాను.
భుగ్గుమని నీలం మంట.

హాల్లో తివాచీ నిండా
శీతాకాలమంతా బూట్లు మోసుకొచ్చిన రోడ్డుప్పు,
తెల్లటి గీతలు, అలల అంచుల్లా.
వేడినీటికి ఒక్కొక్కటే లొంగింది.
తలుపు దగ్గర నలుగురు ముసలమ్మలు
రంగు పెన్నులు పట్టుకుని నిలబడ్డారు.
"ఆరిందా?"
"ఇంకో గంట" అన్నాను.