గదవ కింద గొళ్ళెం

పుత్లీబౌలిలో ఇది మూడో దుకాణం.
కప్పు నుంచి గడప దాకా వేలాడే తలకాయలు,
ఒక్కదానికీ మొహం లేదు.
సుగుణ బయట బండి మీదే కూర్చుంది
తలకు చున్నీ చుట్టుకొని,
ఇంకెంతసేపని మణికట్టు చూపిస్తూ.

"ముందుభాగం పైకి లేచేది కావాలె" అన్నాను.
మునవ్వర్ సాబ్ నా కళ్ళద్దాలు చూసి తలూపాడు.
"చష్మా తియ్యకుండ పెట్టుకోవచ్చు,
చాయ్ తాగొచ్చు, పాన్ ఉమ్మొచ్చు,
పోలీసాయన ఆపితే మొహం చూపొచ్చు..."
వేళ్ళు మడుస్తూ పోయాడు.
నా కారణం ఆ వేళ్ళలో లేదు.

నేను లిఫ్టులు బాగుచేస్తాను.
అంతస్తుకీ అంతస్తుకీ నడుమ ఇరుక్కున్నవాళ్ళకి
ఇరవై రెండేళ్ళుగా తలుపులు తీస్తున్నాను.
తెరుచుకునేది ఏదైనా సరే
నలభైసార్లు నొక్కి చూడందే నమ్మను, అదో రోగం.
కౌంటరు మీద మోచేతులాన్చి మొదలుపెట్టాను.
టక్. మూత. టక్. మూత.
ప్లాస్టిక్ కొండి పదిహేడోసారికే నసిగింది.
ఇనుప కొండి ముప్పై దాటినా
ఒకే మాట మీద ఉంది.
"కొంటరా భాయ్, లేకుంటే
మా దగ్గర్నే నౌకరీ చేస్తరా?"

సగం తల కప్పేది చాలదా అంటే,
తార్నాకలో డివైడరుకు తగిలింది మా ఐలేశు దవడ.
రెండు నెలలు నోటికి తీగ కుట్లు, స్ట్రాతో గంజి.
వాణ్ణి చూసొచ్చిన రాత్రే నిండు హెల్మెట్ కొన్నాను.
ఆ నిండు హెల్మెట్లో
సుగుణకు నేను కనబడకుండా పోయాను.

ఏడో ఏట వచ్చిన జ్వరం
పోతూ పోతూ ఆమె చెవులు పట్టుకుపోయింది.
ఉప్పు అయిపోయిందన్నా, కిరాయి పెరిగిందన్నా
ఆమె నా పెదాల దగ్గర నిలబడి తీసుకుంటుంది.
బండెక్కితే ఆమెకు నా వీపుంది:
ఒక పోటు కుడి, రెండు పోట్లు ఎడమ,
అరచెయ్యంతా ఆనిస్తే మెల్లగా పొమ్మని.
నాకే ఏ భాషా లేదు.
ఒకసారి లక్డీకాపూల్ దగ్గర వెనక్కి తిరిగి
మీ తమ్ముడు ఫోన్ చేసిండని నాలుగుసార్లు చెప్పాను.
నల్లటి ప్లాస్టిక్కు, మూడు గాలి సందులు.
నాలుగుసార్లూ తలూపింది.
ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అడిగింది,
ఏమన్నావని.

"ఒక్క మాట ముందే చెప్తున్న.
అతుకుంటది గదా, గాలికి మోత చేస్తది.
బరువు సుత."
మోత వినేవాణ్ణి మా ఇంట్లో నేనొక్కణ్ణే.
పర్లేదన్నాను.
తొడిగితే చెంపలు నొక్కుకొని
మూతి చేపనోరైంది.
అదే అసలు సైజట.
"లూజుగ కావాల్నంటే గిన్నె కొనుక్కోర్రి."

బేరం మూడు వేల ఎనిమిదొందల దగ్గర ఆగినప్పుడు
సుగుణ లోపలికొచ్చింది.
తనే నా గదవ కింద మీట నొక్కింది.
మొహం బయటపడింది.
మూసింది. మళ్ళీ తెరిచింది.
కాసేపు చూసి
సాబు వైపు తిరిగి రెండు వేళ్ళు చూపింది.
రెండెందుకు, నాకొకటి చాలు కదా అనబోయాను.
చున్నీ కింద ఆమెకూ ఒక దవడ ఉందని
పదకొండేళ్ళ కాపురంలో
నాకు తట్టనే లేదు.

మొజంజాహీ మార్కెట్ సిగ్నల్. తొంభై మూడు సెకన్లు.
టక్. వెనక్కి తిరిగాను.
ఇన్నాళ్ళూ దాచిన మాటలన్నీ ఎటు పోయాయో,
"ఐస్‌క్రీమ్ తిందామా?" అన్నాను.
టక్. ఆమెదీ లేచింది.
"సీతాఫలంది!"
తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలీదు,
బస్సు కిటికీల్లో నాలుగు తలలు తిరిగాయి.
ఇప్పుడు దాని కాలం కాదన్నాను.
ఉంటదంది. ఉండదన్నాను.
పోయినేడు తిన్నం గదా అంది.
అది చలికాలమే అని
పెదాలు విరిచి విరిచి చెప్తుంటే
నా భుజం మీదుగా ముందుకు చూసి
చౌరస్తా అంతా వినబడేట్టు అరిచింది,
"మూసుకో!"

పక్క ఆటో అతను స్టీరింగ్ మీద పడి నవ్వుతున్నాడు.
పచ్చ దీపం పడి
ఎంతసేపైందో.