మూడోసారి మూసుకుపోయాక

రేపు ఎనిమిదింటికల్లా చెప్పమన్నారు డాక్టర్ షాహిన్ గారు.
"గొట్టం రెండుసార్లు పెట్టాం, ఇది మూడు.
తీసిన వారానికే మళ్లీ మూసుకుపోతోంది బాబాయిగారూ,
ఇక కోసి దారి వెడల్పు చేయడమే.
పదకొండేళ్లు, కిడ్నీలు అలిసిపోయున్నాయి,
మత్తులోంచి లేస్తాడనే అనుకుంటున్నా."
అనుకుంటున్నా, అన్నారు.
ఆ ఒక్కమాటా బుట్టలో పెట్టుకుని
పాలకొల్లు నుంచి ఆటోలో తెచ్చుకున్నాను సున్నుండని.

ముప్పై ఒక్కేళ్లు లాకుల మీద లస్కరుని.
తూడు అడ్డంపడితే నీళ్లెలా వెనక్కి తంతాయో,
గట్టు ఎక్కడ చెమ్మగిల్లి ఉబ్బుతోందో
చీకట్లో అరికాలితో చెప్పేవాణ్ని.
అలాంటివాణ్ని, మొదటిసారి వీడు మూలన నక్కి మూలుగుతుంటే
మలబద్ధకమనుకుని
ఒక పూటంతా ఆముదం కోసం తిరిగాను.
పొట్ట తడిమితే బత్తాయంత గట్టిగా తగిలింది, అప్పటికి.

చుట్టూ నీళ్లే కదరా.
ముందు కాలువ, వెనక బోదె, వానొస్తే వాకిలి కూడా.
నువ్వేమో గిన్నె వాసన చూసి వెళ్లిపోయేవాడివి.
ఇసుక బేసిన్లో నువ్వు కూర్చుంటే
పేపరు పక్కనపెట్టి చెవి ఒగ్గేవాణ్ని.
అటు తిరిగి, ఇటు తిరిగి, మళ్లీ తవ్వి,
ఒక్క చుక్క.
గులాబీ రంగు.

ఏసుపాదం గేటు అవతల్నుంచే అన్నాడు:
"పద్దెనిమిది వేలే! ఆయ్, ఆ డబ్బుకి చూడి మేకొస్తదండీ."
నిజమే, వస్తుంది.
నూకరత్నం ఏమీ అనలేదు.
బియ్యం డబ్బాలోంచి చుట్టచుట్టిన నోట్లు తీసి
ఫ్రిజ్ మీద పెట్టి, పైన దగ్గుమందు సీసా బరువుంచింది.
తీసుకెళ్లమనా, ఆగమనా?
అడిగితే, "ఫ్యాను గాలికండీ" అంది.

పోయినేడు కాకినాడ పెద్దాసుపత్రిలో నాకూ వేశారు గొట్టం.
మూడు రోజులు, సంచీ మంచానికి వేలాడుతూ.
నన్నెవరూ అడగలేదు. బావమరిది సంతకం పెట్టాడు.
నొప్పి లేకుండా ఒక్కసారి పోస్తే చాలు,
ఇంకే వరమూ వద్దనుకున్నాను అప్పుడు.
వీడూ అదే అనుకుంటున్నాడో,
వదిలేయరా బాబూ అంటున్నాడో.
అడగడానికి నా దగ్గర భాష లేదు.
ఉన్నదల్లా ఫారం మీద 'యజమాని' అన్న మాట, దాని పక్కన గీత.
నేను యజమానినని వీడికెవరూ చెప్పినట్టు లేరు.

"తర్వాత ఆడపిల్లి లాగే పోస్తాడండీ" అన్నారు డాక్టరుగారు
కొంచెం మొహమాటంగా.
పోయనీ అమ్మా. ఈ వయసులో
మీసం చూసి ఎవరు పిల్లనిస్తారు వాడికి.

కాలువైతే తెలిసిన పని.
ఎండాకాలం కట్టేస్తారు, పూడిక తీస్తారు, మళ్లీ వదులుతారు.
శివారు రైతు తిడతాడు, తలొంచుకుంటాం.
కానీ కాలువ బుట్టలో కూర్చుని
మన మొహంలోకి చూడదు.

మూడింటికి కరెంటు పోయింది.
బ్యాటరీ లైటు వేస్తే, ప్లాస్టిక్ గరాటా,
గరాటా అడుగున ముసలి మొహం, ఒక కోర లేదు.
గోడ మీదికి బల్లి వచ్చింది.
వీడు చూశాడు.
లేవలేదు. తోక కొస మాత్రం
ఇటోసారి,
అటోసారి.

అదేం కారణం కాదు.
రేపు టేబుల్ మీదే పోతే
బల్లి వల్ల అని నూకరత్నానికైనా చెప్పుకోలేను.

ఎనిమిది కాకుండానే, ఏడూ నలభైకి చేశాను ఫోను.
"చేసేయండమ్మా."
రాత్రి నుంచి ఏమీ తినలేదు కదా అన్నారు. లేదన్నాను.
కుట్లకి అంటుకుంటుంది, రెండు వారాలు ఇసుక వద్దన్నారు,
కాగితం ముక్కలు వేయమన్నారు.
ఆవిడింకా ఏదో చెబుతున్నారు,
నేను ఫోను భుజానికి నొక్కిపెట్టి
నిన్నటి పేపరు చింపుతున్నాను,
సన్నగా,
బేసిను నిండేదాకా.