పదహారు

తార్నాకలో మా ల్యాబు మూడో అంతస్తు.
కిటికీలకు నల్లకాగితం అంటించాం.
బయట మే నెల.
లోపల మేం చేసుకున్న ఎండ,
జినాన్ దీపంలోంచి గంటకింతని కొలిచి పోసే ఎండ.

దాని కింద గాజుపలక మీద
నిగనిగలాడే వంకాయ తొక్క రంగు,
తొక్కలో వెయ్యోవంతు మందం.
నుజ్హత్ వేసిన పొర.
"చెయ్యి వణికితే చారలు పడతయ్ అక్కా" అంటూ
ఊపిరి బిగబట్టి చుక్క వదిలింది ఆ రోజు.

పాలిమరంటే గొలుసు.
ఒక బంధం ఒంటిది, పక్కది జంట,
మళ్ళీ ఒంటిది, మళ్ళీ జంట,
దర్జీ కుట్టులా ఒకటి పైకి, ఒకటి కిందికి.
ఆ వరస చెడనంతసేపే రంగు.
ఆ వరస వల్లే వెలుగును తాగుతుంది.
తాగుతుంది కనకే చస్తుంది.
(ఈ వాక్యాన్ని మా గైడు గారు థీసిస్‌లోంచి కొట్టేశారు.)

పన్నెండు గంటలకు ఎర్రబడింది.
మర్నాటికి ఇటుకపొడి.
ఆ పైన పల్చటి పసుపు.
ఆ పైన ఉత్త గాజు.

కంటికి తెలిసింది ఒక్క మాట: పోయింది.
ఏది పోయింది, ఎక్కడ తెగింది,
తెగిన చోట ఎవరొచ్చి కూర్చున్నారు,
అదంతా తక్కెడను అడగాలి.

మా తక్కెడకు పళ్ళేల్లేవు.
గాలి తోడేసిన నిలువు గొట్టం,
రాత్రంతా గురకపెట్టే పంపులు.
పొరను కరిగించి, పచ్చటి పొడిలో కలిపి
చుక్క పెట్టి ఆరబెట్టి
లేజరుతో ఒక్క దెబ్బ.
అణువులు లేచి పరుగెడతాయి,
తేలికవి ముందు, బరువైనవి వెనక.
చేరిన వేళను బట్టి బరువు కడతాం.

వెలుగు చేసిన గాయం గురించి
వెలుగుతోనే కొట్టి అడగడం.
మొదట్లో నవ్వొచ్చేది.

తెర మీద శిఖరాలు లేచాయి,
నూట అరవై ఆరుకొకటి,
ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాల్లా.
చీకట్లో దాచిన పొరకు అంతే, ఇంకేం లేదు.
ఎండ తిన్న పొరకు మాత్రం
ప్రతి స్తంభం మొదట్లో ఒక పిలక.
తేడా తీశాను.
పదహారు.
ఇంకో స్తంభం దగ్గర తీశాను.
పదహారు.

పదహారంటే ఆక్సిజన్, ఒకే ఒక్కటి.
నేనూ నుజ్హత్ ఆ గదిలో పీలుస్తున్నదే.
ముందు పక్కకొమ్మను పట్టుకుంటుంది,
తర్వాత గొలుసులోని గంధకాన్ని.
కొన్ని తునకలు దేనిలోనూ కరగక
సీసా అడుగున మిగిలాయి.
వాటి సంగతి నాకు తెలీదు.

ఆదివారం పత్తర్‌గట్టి వెనక సందులో
వెలిసిపోయిన దుపట్టా చేతికిచ్చి
పాత రంగే కావాలన్నాను.
గౌస్ మియా అంచు మడత విప్పి
లోపల దాగిన రంగును గోటితో చూపించాడు.
"అసల్ది ఇదీ."
ఆయన దగ్గరా ఉంది, చీకట్లో దాచిన నమూనా.

"ఏం నౌకరీ బేటీ?"
"రంగు ఎండకు ఎట్ల పోతదో చూస్తా."
మోచేతుల దాకా నీలం, ఆయన నవ్వితే ఊగింది.
"అందుకే గదా మేం నీడల ఆరేస్తం.
గీ ముచ్చటకు జీతమిస్తరా?"
"తూకమేస్తం మియా."
"ఎంత తగ్గుతది?"
"తగ్గదు. ముందుగాల ఎక్కుతది. పదహారు."
"పదహారణాలా!" అని కాసేపు ఆలోచించాడు.
"అంటే నిండు రూపాయిచ్చి
రంగు పోగొట్టుకుంటదన్నట్టు."
దుపట్టాను బకెట్లో వేస్తూ,
"నాకైతే నూట ఇరవై ఇయ్యాలె."

సోమవారం నుజ్హత్ కొత్త పలక తెచ్చింది,
ఇంకా ఎవరూ ఏమీ అడగని వంకాయ రంగు.
పాతదాన్ని కడిగెయ్యనా అంది.
వెలుగుకెత్తి చూశాను.
అవతల ఆమె ముఖం, గోడ మీద క్యాలెండరు,
అడ్డం ఏమీ లేదు.
"ఉండనీ" అన్నాను, ఎందుకో.

నల్లకాగితం ఒక మూల ఊడినట్టుంది,
బల్ల మీద రూపాయి బిళ్ళంత ఎండ,
ఏ లెక్కలోనూ లేని ఎండ.
కొత్త పలకను
నాలుగు వేళ్ళు ఇవతలికి జరిపాను.