నాలుగు చాలు

మత్తు డాక్టరు మెడ పక్కన సూది గుచ్చి
సన్నని గొట్టమొకటి అక్కడే వదిలేసింది.
దాని కొసన బత్తాయంత బంతి, అందులో మందు.
చుక్క చుక్కగా రెండు రోజులు దిగుతుందట.
కుడిచెయ్యి నాది కాకుండా పోయింది.
ఎత్తి పొట్ట మీద పెట్టుకుంటే
ఎవరి వలలోంచో జారిన చేపలా
చల్లగా, బరువుగా, నాతో పనిలేనట్టు పడుకుంది.

ముప్పై ఏడేళ్లు ఈ చెయ్యే కదా
మెయిన్ తీరంలో లాబ్‌స్టర్ బోనులు పైకి లాగింది.

"నొప్పిని సున్నా చెయ్యలేను, ఎల్వా," అంది సర్జన్.
"పదికి నాలుగు. నాలుగుతో తినొచ్చు, కునుకు తీయొచ్చు,
వేళ్లు ఆడించొచ్చు."
నాలుగు చాలన్నాను.
సున్నాను వెతుక్కుంటూ వెళ్లినవాణ్ణి
ఒకణ్ణి ఎరుగుదునని చెప్పలేదు.

ఓరిన్. నా తమ్ముడు.
నడుముకు ఆపరేషనైతే తొంభై మాత్రలు రాసిచ్చారు.
డాక్టరు ఏమీ అనలేదు, మందుల షాపువాడూ అనలేదు,
నేనూ అనలేదు.
పిల్లలు తీయలేకుండా చేసిన మూత అది.
వాడి వేళ్లు వణికేవి, నేనే తీసిచ్చేదాన్ని.
ముందు నొప్పి పోయింది. తర్వాత ఆకలి.
తర్వాత పడవ, పడవ మీది అప్పు మాత్రం పోలేదు.
ఏప్రిల్‌లో ఒక పొద్దున వాడే పోయాడు,
తలుపుకు తగిలించిన రబ్బరు కోటు ఇంకా కారుతూనే ఉంది.

మూడో రాత్రికి నా బంతి ఖాళీ అయింది.
బొటనవేలు ముందు మేలుకుంది, చీమలు పాకినట్టు.
తర్వాత మోచెయ్యి. తర్వాత భుజం,
అది మేలుకోలేదు, అరిచింది.

ఫ్రిజ్ మీద నర్సు రాసిచ్చిన కాగితం:
పదింటికి తెల్లది. ఒంటిగంటకు నారింజరంగుది, ఏదైనా తిన్నాకే.
నాలుగింటికి మళ్లీ తెల్లది.
మధ్యలో ఇరవై నిమిషాలు ఐసు.
ఐసు ఎర చేపల ఫ్రీజర్‌లోది,
పక్కంతా హెర్రింగ్ వాసన.

సొరుగులో అయిదు మాత్రలున్నాయి.
"మరీ తట్టుకోలేకపోతేనే," అని ఇచ్చినవి.
దాచడమెందుకు, రెండున్నరకు ఆ సొరుగు తీశాను.
చెవి దగ్గర సీసా ఊపాను.
తొంభైకి వర్షం చప్పుడుండేది,
అయిదుకు పసిపిల్ల గిలక చప్పుడు.
మూత నొక్కి తిప్పాలి.
నొక్కి తిప్పాలంటే రెండు చేతులు కావాలి.

సోఫాలో పడుకున్న వెర్నాను లేపాను.
సీసా చూసింది, నన్ను చూసింది.
తీసిస్తుందనుకున్నాను, నేను తీసిచ్చినట్టే.
"ఎంత?" అంది.
"ఎనిమిది."
"సీసా ఇక్కడే ఉంటుంది. పోదు. నాలుగింటిదాకా చూద్దామా?"
ఎంత, అని
ఓరిన్‌ని ఎవరం అడిగాం?

ఐసు మార్చింది. మోచేతి కింద దిండు సర్దింది.
బోను నీళ్లలోకి దింపేటప్పుడు
తాడు వదిలినంత నిదానంగా ఊపిరి వదలమంది.
ఇరవై బారల లోతు. మళ్లీ ఇరవై.
మూడింటికి ఏడు.
నాలుగింటికి తెల్లమాత్ర, రెండు బిస్కెట్లు, ఓ బూతుమాట.
అయిదింటికి అయిదు.
పొగమంచులో ఎవరిదో పడవ ఇంజను మొదలైంది,
చప్పుడును బట్టి స్పార్క్‌ప్లగ్ మార్చాలన్నాను,
వెర్నా నవ్వింది, నేను నవ్వబోతే భుజం ఒప్పుకోలేదు.

సోమవారం ఆ అయిదూ
పోలీస్ స్టేషన్ గుమ్మంలోని ఇనపడబ్బాలో వేసొచ్చాం.
మూత తీయకుండానే, సీసాతో సహా.

ఇవాళ మూడు, మెట్లెక్కితే నాలుగు.
బొటనవేలిని చిటికెనవేలికి తాకిస్తున్నాను, పూటకు పదిసార్లు.
నొప్పిగానే ఉంది చెయ్యి.
నాదే.