మీద ఈగ వాలనీకుండా

ఊటుకూరు దాటి, పెన్న ఉప్పవుతున్న చోట
మా తిప్ప.
నలభై ఈతచెట్లు, ఒక వంగిన తాడి,
వానలు మొదలైతే మట్టకి మట్టకి గిజిగాళ్ల గూళ్లు.
నేను చెంబేటి పోలయ్యని. పీతల వల నాది,
పడవ మా బామ్మర్దిది.
ఈ ఏడు కొత్త పని దొరికింది: పిల్లల్ని లెక్కపెట్టడం.
పిట్టపిల్లల్ని.

కూలి ఇచ్చేది గౌసియా మేడం. నెల్లూరు కాలేజీ.
నా కూతురికన్నా చిన్నది, ఈతముళ్లకి బెదరదు.
వైరు కొసన వేలెడు కెమెరా పెట్టి గూటి గొట్టంలోకి పంపిస్తే
ఫోన్లో పిట్టిల్లు కనిపిస్తుంది.

పునర్వసులో ముప్పై ఒక్క గుడ్డు.
పుష్యమిలో ఇరవై ఆరు నోళ్లు.
ఆశ్లేషలో
నాకు లెక్కలు రావు మేడం, మీరే రాసుకోండి అన్నా.

ఒక గూడు విప్పింది.
మగపిట్ట పదిరోజులు అల్లింది, మేం ఐదు నిమిషాల్లో విప్పాం.
అడుగున, మెత్తటి చోట, బియ్యప్పురుగుల్లాంటివి.
పగలు ఆడ దాక్కుంటాయంట.
పొద్దుగూకితే పైకొచ్చి పిల్లల నెత్తురు తాగుతాయంట.
ముక్కు చూడు పోలయ్యా, అంది.
చూశా. సూదిమొనంత ఉండాల్సిన బెజ్జాలు
ఆవగింజ పట్టేంత.

రాత్రి తీసిన వీడియో కూడా చూపించింది.
అడుగున కాలు పెట్టలేక
పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కి నిలబడున్నాయి.
పెద్దది పైన. అన్నిటికన్నా చిన్నది కింద.
పెన్న పొంగిన ఏడు బడి అరుగు మీద
మేమూ ఇట్టనే నిలబడ్డాం రాత్రంతా.
కాకపోతే చిన్నోళ్లని భుజానికెత్తుకున్నాం.

తెల్లారి తల్లి మిడతని తెచ్చి నోట్లో పెట్టింది.
మళ్లీ పోయింది, మళ్లీ తెచ్చింది.
పిల్లకి పురుగుని పెడతా
పురుగుకి పిల్లని పెడతా ఉంది, పిచ్చిది.

గిజిగాడు బంకమట్టిలో మిణుగురుని అద్ది
ఇంట్లో దీపం పెట్టుకుంటుందని మా అమ్మ చెప్పేది.
ఆ వెలుగు చూసే వొచ్చిందేమో ఈ ఈగ,
చుట్టమని చెప్పుకుని.

యాడిదమ్మా ఇది? మా నాయన కాలంలో లేదే.
తెలీదు, అంది. ఓడల్లో రావొచ్చు, పళ్లల్లో రావొచ్చు.
పెరిగిన ఈగకి నెత్తురుతో పని లేదంట,
మాగిన పండు రసం చాలంట.
కృష్ణపట్నం దీపాలు దక్షిణాన వరసగా వెలుగుతున్నాయి,
తిట్టుకోడానికి అనువుగా.
నోరు రాలేదు నాకు.
బామ్మర్ది మేకలు తిప్ప మీద మేస్తాయని
పళ్ల మార్కెట్లో పారేసిన అరటిపళ్లు, సపోటాలు
రెండేళ్లుగా బుట్టలకొద్దీ మోసింది ఎవరు?
ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

గొర్రె పుండులో పురుగు పడితే
సీతాఫలం ఆకు నూరి పెడతాం, అది మాత్రం చెప్పా.
రాసుకుంది.
తను తెచ్చింది మందులో ముంచి ఆరబెట్టిన దూది.
పిట్టలే గూటికి మోసుకుపోతాయని ముళ్లకి తగిలించాం.
మొదటిరోజు ముట్టలేదు.
రెండోరోజు నా లంగరు తాడు పీచు పీక్కుపోయాయి,
దూది జోలికి రాలేదు.
మూడోరోజు ఒక ఆడది వొచ్చి, తల వొంచి,
మొగుడు తెచ్చిన చీర చూసినట్టు చూసి,
ఇంత తుంచుకుపోయింది.

ఉత్తర కార్తెలో ఆ గూట్లోంచి రెండు ఎగిరాయి.
రెండంటే రెండు.
గౌసియా వాటిని వేరే కాయితంలో రాసింది.

బిడ్డ మీద ఈగ వాలనీకుండా పెంచా, అంటారు గదా.
ఆ మాట మొదట అన్న తల్లి
ఏ ఈగని చూసిందో.

మేకల్ని ఇవతలికి తెచ్చేశాం.
ఇప్పుడు పోయే ప్రతిసారీ పడవని ఇసకేసి తోముతా,
పండు తొక్క కూడా ఎక్కనీను.
పడవకి పెళ్లా బావా, అని నవ్వుతాడు వాడు.
నిన్న నడి ఏట్లో, అంచు పలక మీద
ఒక ఈగ.
మామూలుదో, అదో. చూపు ఆనదు నాకు.
తెడ్డు పైకెత్తి, పడవని పోటుకి వొదిలేసి
అది ఎటు లేస్తుందోనని
చూస్తా కూర్చున్నా.