పక్క పేరు

ముర్గాబ్‌లో జనరేటర్ దగ్గింది.
రెండుసార్లు. ఆపైన ఊరుకుంది.
ఎనభై ఒక్క శాతం దగ్గర తెర చీకటైంది.
బయట మైనస్ ముప్పై రెండు,
బురుల్ చేతిలో టీ ఇంకా వెచ్చగానే ఉంది.

పామీర్ కొండల పటం అది, డెబ్భై గిగాబైట్లు.
నెలనెలా దిద్దాలి:
ఏ వాగు ఎటు ఒరిగింది,
ఏ కాపరి దారి ఏ మంచుకింద పోయింది.

ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద తెరిచి చూశాం.
నది ఉంది, గట్టు లేదు.
ఊరి పేరుంది, ఊరు లేదు.
కనుమదాకా ఎక్కిన రోడ్డు
గాలిలో కాలు పెట్టి ఆగిపోయింది.

"దీనికే అసలు పేరు పెట్టేద్దాం" అన్నాను.
ఉద్యోగంలో చేరి పదకొండు రోజులు, తొందర నాది.
బురుల్ కోప్పడలేదు.
"సగం ఉడికిన మాంసం కూడా
వాసనకి బాగానే ఉంటుంది" అంది.

పాత పటం ఉన్నచోటే ఉంది, అక్షరం చెదరకుండా.
కొత్తది మేం రాస్తున్నది పక్కన, వేరే పేరుతో.
ఆ పక్క పేరే మమ్మల్ని కాచింది.

అప్పుడే రేడియో:
రంగ్‌కుల్ దారిలో ఆగిన లారీ,
క్యాబిన్ నిండా హీటర్ పొగ, ఇద్దరు మనుషులు.
ఎర్గేష్ అంబులెన్స్ తాళాలు అందుకున్నాడు.
"పాతదే ఇవ్వండి."
"అందులో ఎర్ర వంతెన ఇంకా నిలబడే ఉంది!"
"అది కూలినప్పుడు నేనక్కడే ఉన్నాను."
అరచేతిమీద పెన్నుతో ఒక గీత కొట్టుకుని వెళ్ళాడు.

తెలిసిన అబద్ధాన్ని చుట్టుతిరిగి పోవచ్చు.
సగం నిజానికి అంచెక్కడో ఎవరికి తెలుసు?

నాలుగింటికి, గడ్డకట్టిన డీజిల్ పైపుకి సెగ చూపిస్తే
జనరేటర్ లేచింది.
బురుల్ మొదటికి పోలేదు. ఆగినచోటికీ పోలేదు.
చిట్టాలో పూర్తిగా రాసిన ఆఖరి వరస వెతికింది,
నాలుగు వేల నాలుగు వందల పదిహేడు.
పద్దెనిమిదోది మాట మధ్యలో తెగి ఉంది.
కత్తిరించి పారేసింది.
"పనికొస్తుందేమో?"
"'ఏమో'ని పటంలో పెట్టకూడదు."

తెల్లారేసరికి చివరి ముక్క చేరింది.
సరిచూసే అంకెల్ని నాచేత పైకి చదివించింది.
ఒకచోట తప్పు చదివాను. మళ్ళీ మొదట్నించి.
అప్పుడు పేర్లు మార్చింది, రెప్పపాటు పని.
పాతదాన్ని చెరపలేదు,
నిన్నటి తేదీ కప్పి పక్కన పడుకోబెట్టింది.

ఎనిమిదింటికి ఎర్గేష్ వచ్చాడు.
ఇద్దరూ లేచి కూచున్నారట. ఒకడు సిగరెట్ అడిగాడట.
బురుల్ తెర అతనివైపు తిప్పింది:
ఎర్ర వంతెన లేదు.
"ఇక చెయ్యి కడుక్కో."

చేతొడుగు చెమటకి సగం చెరిగిన గీతను చూసుకుని
"ఈ ఒక్కరోజూ ఉండనీ" అన్నాడు.