బాగున్న కాలు

తడలో ఎక్కితే కొరుక్కుపేట దాకా నిలబడే రావాలి.
పైకమ్మీకి వేలాడిన ఈ కుడిచెయ్యే
తొమ్మిదింటికల్లా కొలబద్ద అయిపోవాలి.

టైర్ల షాపు మీద మేడగది. రెండు మంచాలు, ఒక ఫ్యాను.
రోజంతా గడవడానికి రెండు తమిళం ముక్కలు చాలు:
అళుత్తు. విడాదే.
నొక్కు. వదలకు.
నేను తోస్తాను, నువ్వు తొయ్యనివ్వకు.
ఇంతే మా శాస్త్రం,
ఓడిపోతే బాగుండునని నేను పట్టే కుస్తీ.

సున్నా నుంచి అయిదు దాకా మార్కులు.
సున్నా అంటే ఏమీ లేదని.
ఒకటి అంటే...
హార్బర్లో క్రేను నడిపిన దొరైకణ్ణు గారి ముంజేతి మీద
వేలు ఆనించి పదకొండు రోజులు కూర్చున్నాను.
పన్నెండో రోజు చర్మం కింద ఏదో కదిలింది,
మూసిన గుప్పిట్లో మిణుగురు పక్క మార్చుకున్నట్టు.
చెయ్యి లేవలేదు. వేలు వంగలేదు.
చూసేవాళ్ళకి అది సున్నాయే.
నేను ఒకటి వేశాను.
ఆ ఒకటిని వాళ్ళావిడ
క్యాలెండర్ కాయితం వెనక రాయించుకుని తీసుకెళ్ళింది.

మూడు నా చేతిలో లేదు, అది భూమి ఇస్తుంది.
తన బరువు తాను ఎత్తుకోగలిగితే చాలు.
నాలుక్కీ అయిదుకీ నడుమ మాత్రం ఉన్నది నేనే.
ఎవరితోనూ అనకండి,
సోమవారాలు రైల్లో రద్దీ ఎక్కువ.
సోమవారాలు నా దగ్గర అందరికీ అయిదే.

అందుకేనేమో మెషీను తెచ్చారు.
సబ్బుబిళ్ళంత ఉంటుంది. అలసిపోదు.
పట్టీ బిగించి తన్నమంటే
కిలోల్లో చెబుతుంది, చుక్క తర్వాత అంకెతో సహా.
మిణుగురు మాత్రం దానికి ఆనదు.

కయల్విళి. పందొమ్మిదేళ్ళు, వ్యాసర్పాడి.
రైడుకి వెళ్ళి ఎడమ మోకాలు వాళ్ళకిచ్చేసి
గీత మాత్రం ముట్టుకుని వచ్చింది.
ఆపరేషనై తొమ్మిది నెలలు.
లెక్క తేలికే: కుడికాలి బలం నూరనుకుంటే
ఎడమది తొంభై చేరాలి. చేరితే మ్యాటు మీదికి.
పోయిన నెల కుడి నలభై రెండు, ఎడమ ముప్పై ఒకటి.
ఈవాళ ఎడమ ముప్పై మూడు, కుడి ముప్పై ఆరు.
తొంభై దాటింది.
గురువారం సెలక్షన్లు.

వాళ్ళమ్మ చప్పట్లు కొట్టింది.
నేను రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టుకున్నాను.
దెబ్బతిన్న కాలు రెండు కిలోలు పెరిగింది, నిజమే.
బాగున్న కాలికే ఏదో జబ్బు చేసింది.

మళ్ళీ తన్ను, అన్నాను. ముప్పై అయిదున్నర.
పళ్ళు బిగించింది, మెడనరాలు పొంగాయి, పైపెదవి మీద చెమట.
తక్కువ తన్నడానికి
ఎంత బలం కావాలో అప్పుడు చూశాను.

మెషీను పక్కన పెట్టి
ఆ కుడికాలికి నా అరచెయ్యి అడ్డం పెట్టాను.
విడాదే, అన్నాను.
నా మొహంలోకి చూసింది.
అంకె పడని చోట అబద్ధమెందుకు అనుకుందో,
మనిషి చేతిని మోసం చెయ్యబుద్ధి కాలేదో,
తన్నింది.
చక్రాల స్టూలుతో సహా గోడ దాకా వెళ్ళాను.

ఇద్దరం నవ్వాం. ముందు తనే ఆపింది.
ఎళుదాదీంగ అక్కా, అంది మెల్లిగా. రాయొద్దని.
గురువారం పోతే మళ్ళీ ఏడాదికే.
కానీ మ్యాటు మీద నలుగురు చుట్టుముట్టినప్పుడు
మోకాలు కాయితం చూసుకుని తిరగదు కదా.

కుడి నలభై రెండుకి తగ్గదు, అని రాశాను.
ఎడమ ముప్పై మూడు,
పోయిన నెల కన్నా రెండు ఎక్కువ, అని కూడా రాశాను,
దానికి గడి లేకపోయినా, అంచు మీద.
తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ
వెళ్ళొస్తానని అనలేదు తను.

సాయంత్రం రైల్లో కమ్మీ అందుకుంటే
భుజం సలుపుతోంది.
రేపు మంగళవారమే అయినా
అందరికీ అయిదే పడేట్టుంది.